తెరమీది తిరుపతి, పటంలోని తిరుపతి

తిరుపతికి దారులెన్ని అని అడిగితే పూర్వం పెద్దలు వ్రేళ్లు మడిచి చెప్పేవారు. రేణిగుంట మీదుగా రైలుదారి ఒకటి, చిత్తూరునుంచి చంద్రగిరి మీదుగా వచ్చే రోడ్డు ఒకటి, మద్రాసునుంచి పుత్తూరు మీదుగా వచ్చేది మరొకటి. కొండ ఎక్కడానికైతే అలిపిరి మెట్లు 3,550. శ్రీనివాస మంగాపురం పక్కనుంచి ఎక్కే శ్రీవారి మెట్టు సుమారు 2,400. 1944లో వేసిన మొదటి ఘాటురోడ్డు. 1974లో వచ్చిన రెండవ ఘాటురోడ్డు. ఈ లెక్కలో ఇప్పుడు మరి రెండు దారులను చేర్చుకోవాలి. ఒకటి సినిమా. రెండవది సెల్‌ఫోనులో వ్రేలితో లాగితే కదిలే పటం. ఈనాడు తిరుపతికి వచ్చేవారిలో చాలామంది ఈ రెండు దారుల్లోనూ ముందే ఒకసారి వచ్చి వెళ్లినవారే. రైలు దిగేసరికే వారికి ఊరంతా తెలుసు. తెలుసుననే అనుకుంటారు.

అలా తెలిసిన ఊరు ఏది, తెలియకుండా తప్పుకుపోయిన ఊరు ఏది అన్నదే ఇక్కడ చెప్పదలచిన సంగతి.

ముందు సినిమా మాట. పి. పుల్లయ్యగారు 1939లోనే ‘బాలాజీ’ పేరుతో స్వామి కథ తీశారు. అందులో సి.యస్.ఆర్. ఆంజనేయులు వెంకటేశ్వరుడు, శాంతకుమారి పద్మావతి. మళ్లీ ఆ పుల్లయ్యగారే 1960లో ‘శ్రీ వెంకటేశ్వర మహాత్యం’ తీశారు. ఈసారి రామారావుగారు స్వామి అయ్యారు, సావిత్రి పద్మావతి అయింది, ఇరవై యేళ్ల కిందటి పద్మావతి వకుళమాత అయి కొడుకు పెళ్లి చేసింది! ఆ చిత్రం ఆడినన్నాళ్లూ సినిమా హాళ్ల ఆవరణల్లో స్వామి విగ్రహం నిలిపి, హుండీ పెట్టి, హారతులిచ్చేవారు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లినవారున్నారు. కొండకు రాలేని ముసలివారికి తమ ఊరి సినిమా హాలే కొండ అయింది.

అంతటితో ఆగలేదు. తిరుపతి దర్శనం చేసుకొన్న యాత్రికుల బస్సులు అటునుంచి అటే మద్రాసు వెళ్లి రామారావుగారి ఇంటిముందు ఆగేవి. తెల్లవారకుండానే అక్కడ జనం గుమిగూడేవారు. చూచారా, ఒక సినిమా పుణ్యమా అని తిరుపతి క్షేత్రం సరిహద్దు మద్రాసుదాకా జరిగింది! ఏ సర్వేశాఖవారూ గీయలేని సరిహద్దు అది.

అయినా ఆ చిత్రాల్లో మనం చూచిన ఆనందనిలయం అసలుది కాదు. గర్భాలయంలోకి కెమేరా వెళ్లదు. 1939 నాటి చిత్రం మొదలు, రాఘవేంద్రరావుగారు 1997లో తీసిన ‘అన్నమయ్య’, 2017లో తీసిన ‘ఓం నమో వేంకటేశాయ’ వరకూ తెరమీది గర్భగుడి వడ్రంగులూ చిత్రకారులూ కట్టిన గర్భగుడే. 2008లో దేవస్థానంవారి టెలివిజన్ ఛానల్ వచ్చాక వాహనసేవలు ఇంటింటికీ చేరాయిగాని, మూలమూర్తి దర్శనానికి ఇప్పటికీ క్యూలో నిలబడవలసిందే. ఈ విషయంలో ఎవరికీ భ్రమ లేదు. చూచేవారికీ తెలుసు, తీసేవారికీ తెలుసు. సెట్టుకే దండం పెట్టారు, తర్వాత టికెట్టు కొని కొండకూ వచ్చారు. అక్కడ సినిమా ఊరికి చేసిన అపకారమేమీ లేదు.

చిక్కంతా దేవుడి చుట్టూ ఉన్న నేలతో వచ్చింది.

2021లో వచ్చిన ‘పుష్ప’ చూడనివారు అరుదు. ఎర్రచందనం దొంగరవాణాలో కూలీగా చేరి నాయకుడైనవాడి కథ. సుకుమార్‌గారు తీశారు. కథ జరిగేది మన శేషాచలం అడవుల్లో. నాయకుడి నోట పలికేది మన చిత్తూరు మాట. ఆ వేషానికి అల్లు అర్జున్‌కు 2023లో జాతీయ ఉత్తమ నటుడి బహుమానం ప్రకటించారు. తెలుగు నటుడికి ఆ బహుమానం అదే మొదటిది. అంతవరకు ‘మీ యాస ఏమిటండీ, అరవమా తెలుగా?’ అని ఎగతాళి చేసిన కోస్తా స్నేహితులు సైతం మా విద్యార్థుల దగ్గర ఆ మాట నేర్చుకోసాగారు. తెలుగు పాఠం చెప్పుకొనే నాబోటివాడికి అంతకంటే సంతోషమేముంటుంది?

అయితే ఆ అడవి? అది చాలావరకు మారేడుమిల్లి. తిరుపతికి ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో, గోదావరి ఏజెన్సీలో ఉన్న అడవి. పచ్చగా, తేమగా, మంచు కమ్ముకొని, వాగులతో కళకళలాడుతూ ఉంటుంది. ఎర్రచందనం అటువంటి చోట పెరిగే చెట్టు కాదు. తూర్పు కనుమల దక్షిణపు కొసన, మన చిత్తూరు, కడప, నెల్లూరు వైపు ఎండిన గుట్టల్లో, రాళ్ల సందుల్లో, నీరు చాలని నేలలో నెమ్మదిగా పెరుగుతుంది. అలా నెమ్మదిగా పెరగడంవల్లనే లోపలి చేవకు ఆ ఎరుపు, ఆ గట్టితనం, ఆ ధర. తరగతిలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు భాకరాపేట వైపునుంచి వచ్చే ఒక కుర్రవాడు లేచి, “మాట మాదే సార్, అడవి మాది కాదు” అన్నాడు. వాళ్ల ఊరి వెనక కొండ ఎండాకాలంలో ఏ రంగులో ఉంటుందో వాడికి తెలుసు.

ఇది కేవలం రంగుల తగాదా కాదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో ఇరవైమంది చనిపోయారు. తమిళనాడునుంచి వచ్చినవారు. చెట్లు కొట్టడానికి వచ్చారని పోలీసులు చెప్పారు. అది జరిగింది నీడలేని ఈ రాతిగుట్టల్లో. ఆ గుట్టను చూస్తే, దుంగను భుజాన మోసుకొని ఇక్కడ నడవడమంటే ఏమిటో, కూలికోసం అంతకు తెగించినవాడి ఇంట్లో పరిస్థితి ఎటువంటిదో మనస్సుకు తడుతుంది. పచ్చని వాగుపక్కన నడిచే నాయకుణ్ణి చూస్తే వినోదం తడుతుంది.

2024లో వచ్చిన రెండవ భాగంలో గంగమ్మ జాతర చూపించారు. నాయకుడు చీర కట్టి, నగలు పెట్టి మాతంగి వేషంలో కనిపించేసరికి దేశమంతా విస్తుపోయింది. మాకు విస్మయమేమీ లేదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటా మే నెలలో జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక వేషం వేసి, మగవారు మొక్కు తీర్చుకోవడం తరతరాలుగా ఉన్నదే. గుమాస్తా ఉద్యోగం చేసే పెద్దమనిషి కూడా ఆ వారంలో ఒకనాడు బొగ్గుపొడి పూసుకొని వీధిలో తిరుగుతాడు. సినిమాలో అది ఒక వీరుడి ఘట్టం. ఇక్కడ అది వీధి మొత్తానికి మొక్కు. తాతయ్యగుంట అన్న పేరును కాస్త గుర్తుంచుకోండి, దానితో మళ్లీ పని ఉన్నది.

శ్రీకాళహస్తి కథ ఇంకా చిత్రం. కన్నప్ప కొండ ఎక్కడున్నదయ్యా అంటే మనం కాళహస్తి గుడి పక్కనున్న గుట్టను చూపిస్తాము. తెర మాత్రం వేరే చోట్లు చూపిస్తుంది. బాపుగారు 1976లో ‘భక్త కన్నప్ప’ను గోదావరి సీమలో తీశారు. 2025లో వచ్చిన ‘కన్నప్ప’ను చాలావరకు న్యూజిలాండులో తీశారు. మంచు కొండలూ, పచ్చిక బయళ్లూ కంటికి ఇంపుగానే ఉన్నాయి. కాని ఆ చిత్రం చూచిన పిల్లవాడిని కాళహస్తికి తీసుకువస్తే, స్వర్ణముఖి ఇసుకలో నిలబడి, “కన్నప్ప అడవి ఇది కాదు గదా నాన్నా” అంటే తండ్రి ఏమి చెప్పాలి?

సినిమావారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారి పని కథ చెప్పడం. వెలుతురు, నీళ్లు, అనుమతులు ఎక్కడ దొరికితే అక్కడ తీస్తారు. చూచేవారు ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకొంటే చాలు: ఇది తీసింది ఎక్కడ?

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి పటం ఉన్నది. పటాలు మనకు కొత్తకావు. మద్రాసు పక్కన పరంగికొండ దగ్గర 1802లో గొలుసు పరచి లాంబ్టన్ మొదలుపెట్టిన కొలతలే దేశమంతటి సర్వేకు పునాది. అప్పట్లో పటం దొరలకూ దండులకూ మాత్రమే. ఇప్పుడు మన హైదరాబాదులోని దూరగ్రాహక కేంద్రం తయారుచేయగా, అంతరిక్ష సంస్థవారు 2009లో ‘భువన్’ అనే పటాన్ని ప్రజలకు తెరిచారు. గూగుల్‌వారి పటం సరేసరి. వీధిలో నిలబడి చుట్టూ చూస్తున్నట్టు ఫోటోలు చూపే ‘స్ట్రీట్ వ్యూ’ను వారు 2011లో బెంగుళూరులో మొదలుపెడితే పోలీసులు ఆపించారు. చివరకు 2022లో ఇద్దరు భారతీయ భాగస్వాములతో కలిసి, హైదరాబాదుతో సహా పది నగరాల్లో మళ్లీ మొదలయింది. ఇవికాక ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ అని ఇంకొకటి ఉన్నది. ఇంగ్లండులో 2004లో పుట్టింది. దానికి యజమాని అంటూ లేడు. ఎవరి ఊరి వివరం వారే వ్రాయవచ్చు.

ఈ పటాన్ని మా పెద్దమ్మ చేతికిచ్చినప్పుడు జరిగినది చెబుతాను. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. పుట్టింది తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడికి దక్షిణాన ఒక సందులో. పెళ్లయి చిత్తూరు వచ్చింది. మోకాళ్లు సహకరించక, డెబ్బై కిలోమీటర్ల ప్రయాణం ఆమెకు కాశీయాత్ర అయిపోయింది. మొన్న వేసవిలో ఒకనాడు, “నాయనా, మా పుట్టింటి వీధి ఆ ఫోన్లో కనబడతాదంటనే, చూపించు” అన్నది.

తెరిచి చూపించాను. “ఇదిగో పెద్దమ్మా, ఇది గుడి. ఇది రైలు స్టేషను. ఇది గాంధీరోడ్డు.”

“కొండ యాడరా?”

“పైన ఆకుపచ్చగా ఉందే, అదంతా కొండే.”

ఆమె కళ్లజోడు సవరించుకొని చూచింది. “కొండను పండబెట్టినారు గదరా! కొండ నిలబడి వుండాల గదా!” అన్నది.

తిరుపతిలో పుట్టినవారికి ఉత్తరం దిక్కు అంటే కొండ. ఏ సందులోనుంచి బయటికి వచ్చినా తలెత్తి కొండను చూచి, దానినిబట్టి కుడి ఎడమలు చెప్పుకొంటారు. పటంలో ఆ ఆనవాలే లేదు. వీధి ఫోటోలు తెరిచాక గాని ఆమెకు ఊరు చిక్కలేదు. పుట్టిల్లు ఉన్న చోట నాలుగంతస్తుల లాడ్జి ఉన్నది. దానికేమీ బాధపడలేదు. ఫోటోను మెల్లగా తిప్పుతూ ఉంటే రెండు మేడల సందున కొండ కొస కనిపించింది. వెంటనే చేతులు జోడించింది. తర్వాత కాసేపు వెతికి, “ఈ సందు చివర గుంట వుండాల. మేమంతా గుడ్డలుతికింది దాంట్లోనే. యాడబోయింది?” అని అడిగింది.

“గుంట లేదు పెద్దమ్మా, అక్కడ ఇళ్లు కట్టేశారు.”

“ఇండ్లుంటే వుండనీలే. వానొస్తే నీళ్లు యాడికి పోతాయిరా?”

ఆమె అడిగినదానికి జవాబు 2021 నవంబరులో అందరూ చూచారు. ఆ నెల 18న మొదలైన కుండపోతకు తిరుపతి వీధులు కాలువలయ్యాయి. అలిపిరి మెట్లమీద నీరు జలపాతంలా దూకింది. ఘాటురోడ్లు మూసేశారు. కపిలతీర్థం దగ్గర కొండమీదినుంచి పడే నీటిని చూచి భయపడనివారు లేరు. ఎప్పుడూ ఇసుకగా కనిపించే స్వర్ణముఖి ఒడ్డులు దాటింది. ఎవరి ఫోనుతో వారు తీసిన చిన్న చిన్న చిత్రాలు దేశమంతా తిరిగాయి. తిరుపతిని గురించి తీసిన సినిమాలన్నిటిలోనూ తిరుపతి నేలను అచ్చంగా చూపించినవి ఏవంటే, నా మట్టుకు నేను వాటినే చెబుతాను. వాటిలో సెట్టు లేదు, వేరే ఊరు లేదు.

శేషాచలం కొండమీద పడిన వాన దక్షిణానికి దిగి, ఊరి చుట్టూ ఉన్న చెరువులూ గుంటలూ నిండి, ఒకదానినుంచి ఒకదానికి పారి, చివరకు స్వర్ణముఖిలో కలవాలి. పూర్వులు ఊరు కట్టుకొన్న తీరు అది. ఊరు పెరిగేకొద్దీ గుంటలు పూడి ఇళ్లయ్యాయి, కాలువలు సందులయ్యాయి. పటం నేటి ఇళ్లనే చూపిస్తుంది. నిన్నటి గుంటను చూపించదు. అయితే పేరు దాగదు. తాతయ్యగుంట అన్నాము గదా, అందులోని ‘గుంట’ అన్నమాట ఊరకే రాలేదు. ఇటువంటి పేర్లు మన ఊళ్లనిండా ఉన్నాయి. ఇల్లు కొనబోయేవాడు పటంలో బస్‌స్టాండు ఎంతదూరం, బడి ఎంతదూరం అని చూచుకొంటాడు. ఆ వీధికి పాతపేరు ఏమిటని ఒక ముసలివారిని అడిగితే అతనికి అంతకంటే పనికివచ్చే సంగతి తెలుస్తుంది.

పటం నదిని చూపించే తీరు కూడా గమనించండి. స్వర్ణముఖి చంద్రగిరి పక్కనుంచి, తిరుచానూరు దగ్గరగా, కాళహస్తి గుడిని ఒరుసుకొంటూ సముద్రానికి పోతుంది. పటంలో అది ఏడాది పొడుగునా నీలిగీత. కంటికి అది ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక. ఆ నీలిగీతను నమ్మి స్నానానికి తువ్వాలు పట్టుకొని వచ్చిన ఒక ఉత్తరాది కుటుంబం, చెలమ తోడుకొనే ఆడవారిని చూచి తెల్లబోవడం నేనెరుగుదును. అలాగే అలిపిరినుంచి తిరుమలకు నడక ఇన్ని గంటలని పటం లెక్కగట్టి చెబుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్టుమెట్టుకూ కూర్చొనే అవ్వ, ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకొంటూ ఎక్కే ఇల్లాలు దాని లెక్కలోకి రారు.

ఇంతమాత్రాన పటం పనికిరానిదని అనరాదు. కాళహస్తి గాలిగోపురం సంగతే చూడండి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ ఏడంతస్తుల గోపురం పగుళ్లు విచ్చి, 2010 మే 26 రాత్రి కూలిపోయింది. ముందే గుర్తించి జనాన్ని దూరంగా పంపారు. దాని స్థానంలో కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. కూలడం కొన్ని నిమిషాల పని. ఆ దృశ్యం టెలివిజన్‌లో చూచి కంటతడి పెట్టనివారు ఈ జిల్లాలో తక్కువ. ఇప్పటి పిల్లలకు కొత్తదే గోపురం. పాతదాన్ని చూపాలంటే పాత ఫోటోలూ, పెళ్లి వీడియోలూ, భక్తుల ఇళ్లలోని క్యాసెట్లూ దిక్కు. గూగుల్ ఎర్త్‌లో కాలాన్ని వెనక్కి జరిపి, ఉపగ్రహాలు వెనుకటి సంవత్సరాల్లో తీసిన చిత్రాలను చూచే సదుపాయం ఉన్నది. పైనుంచి చూస్తే ఎంతటి గోపురమైనా చిన్న పలక, పక్కన నేలమీద దాని నీడ. ఆ నీడనుబట్టే ఎత్తు ఊహించుకోవాలి. అయినా ఏదీ లేకపోవడంకంటే అది నయం. సినిమాకు చోటు పట్టింపు లేదు, పటానికి మనిషి పట్టింపు లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒక పెద్దవారిని కూర్చోబెట్టుకొంటే ఊరు కొంత చేతికి వస్తుంది.

ఊరికి సినిమాకూ ఉన్న సంబంధం తిరుపతిలో మరొక రూపంలో కూడా కనిపిస్తుంది. లీలామహల్ సర్కిల్ అని ఊళ్లో పెద్ద కూడలి ఉన్నది. ఆ పేరు ఒక సినిమా హాలుది. ఆటోవాడికి ఆ పేరు చెబితే చాలు, తీసుకుపోతాడు. 2023లో ప్రారంభమైన పొడుగాటి వంతెన దాని మీదుగానే సాగింది. పైనుంచి కార్లలో అలిపిరికి దూసుకుపోయేవారికి కింద ఒక కూడలి ఉన్నదనీ, దానికొక పేరున్నదనీ తెలియవలసిన అగత్యమే లేదు. పేర్లు ఇలాగే పోతాయి. ఎవరూ చెరపరు; పిలిచే పని లేక పోతాయి.

అందుకే ఈ సంవత్సరం మా విద్యార్థులకు వ్యాసానికి బదులు ఒక పని అప్పగించాను. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు తాత, అవ్వలను కూర్చోబెట్టి, ఊళ్లోని చెరువు, గుంట, కాలువ, మండపం, సత్రం, పాత రచ్చబండ, వీటి పేర్లన్నీ అడిగి వ్రాసుకు రమ్మన్నాను. చోటు చూచుకొని, ఎవరైనా వ్రాయగల ఆ పటంలో తెలుగులోనే ఎక్కించమన్నాను. కొందరు రెండు పేర్లు తెచ్చారు, కొందరు ఇరవై తెచ్చారు. ఒక అమ్మాయి, తమ ఇంటి కిందనే ఒకప్పుడు కాలువ ఉండేదని తెలుసుకొని వచ్చింది. వాళ్ల నాన్న నమ్మలేదట. పాత దస్తావేజు తీసి చూస్తే హద్దుల్లో కాలువ ఉన్నదట. ఈ వర్షాకాలం రాకముందే పక్కన తూము పూడిక తీయించాలని ఇంటిల్లిపాదీ నిర్ణయించుకొన్నారు.

మా పెద్దమ్మ చెప్పిన గుంటకు పేరు ఉండేదా అని అడిగాను. ఉండేదట. రెండురోజులు ఆలోచించి, మూడవనాడు కాఫీ తాగుతూ ఉండగా గుర్తుతెచ్చుకొని చెప్పింది. పటంలో, లాడ్జి వెనక, ‘ఒకప్పటి గుంట’ అని ఆ పేరుతో చుక్క పెట్టాము. దాన్ని చూపిస్తే, “ఇంకొంచెం పక్కకు జరపరా, అక్కడ బాయుండాది” అని సరిదిద్దింది.

మీ ఇంట్లోనూ అటువంటి పెద్దవారుంటే ఆలస్యం చేయకండి. ఈ ఆదివారం పిల్లలను పక్కన కూర్చోబెట్టి, ఫోను వారి చేతికిచ్చి, పేర్లు మాత్రం పెద్దవారిచేత చెప్పించండి.